రేవు పీట లేవదు

"మోకాళ్ళు ఎలా ఉన్నాయి తాతా?" సింహద్వారం దగ్గర కావలి భటుడు ఈటె అడ్డం పెట్టి నవ్వుతూ అడిగాడు.

"మోకాళ్ళదేముంది బాబూ! బుద్ధి పుడితే లేస్తాయి, లేకపోతే లేదు," అని ముసలివాడు ఖళ్ళుఖళ్ళున దగ్గాడు. గుడ్డ చుట్టిన పొడుగాటి ఊతకర్రను నేల మీద టకటకలాడించుకుంటూ లోపలికి నడిచాడు.

భటుడికి అనుమానం రాలేదు. శిఖరావతి రేవుల అధికారి గంగప్ప అంటే అందరికీ తెలిసింది ఆ తెల్లగడ్డం, ఆ గూని, ఆ దగ్గు. ఆ గడ్డం మేకవెంట్రుకలదనీ, తుమ్మజిగురుతో అతికించినదనీ, ఆ గూని వెనక గంగప్ప మనవడు ఏరన్న తన వెడల్పాటి వీపును దాచుకున్నాడనీ కోటలో ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కరూ రాకుమారి మంజులిక.

అసలు గంగప్ప నీలవాహిని నది అవతలి ఒడ్డున, రెల్లు పొదల చాటున కట్టేసిన పడవలో దుప్పటి ముసుగు పెట్టి పడుకుని ఉన్నాడు. మొన్న సంతలో మాంత్రికుడు ధూమ్రజటుడి మనుషులు ఆయన్ని పట్టుకుని పిలక కోసుకుపోయారు. చేతిలో డబ్బు మూట ఉంటే దాని జోలికి పోలేదు. పిలక మాత్రమే కోశారు. అప్పుడే ఏరన్నకు వాళ్ళ కుట్ర అర్థమైంది: ఆ పిలక చేతిలో ఉంటే తాతను కొలువులో మంత్రంతో లేపవచ్చు.

ఆ కుట్ర బోధపడాలంటే శిఖరావతి కొలువు మర్యాద తెలియాలి. అక్కడ ఏ అధికారి ఎవరికంటే పెద్ద అన్నది పీట ఎత్తును బట్టి గాని, కట్టిన పట్టుబట్టను బట్టి గాని తేలదు. ఎవరిని చూసి ఎవరు లేస్తారన్న దాన్ని బట్టి తేలుతుంది. పూర్వం ఈ రాజ్యాన్ని స్థాపించిన ఆదికేతు మహారాజు తన మొదటి కొలువుకు వచ్చినప్పుడు మహామంత్రి, సేనాపతి, కోశాధికారి అందరూ పీటలకు అతుక్కుపోయి కూర్చున్నారట. ముందు లేచినవాడు మిగిలినవాళ్ళకంటే తక్కువైపోతాడని ఒక్కొక్కడికీ బెంగ. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉంటే రాజుగారు గుమ్మంలో వానకు తడుస్తూ నిలబడ్డారు. అప్పుడు ఆయన్ని వరద దాటించి తెచ్చిన పడవవాడు మూలనుంచి, "దొరవారు తడిసిపోతుంటే కూర్చున్నారా, మీకు సిగ్గులేదూ!" అంటూ లేచి నిలబడ్డాడు. వాడు లేచాక మిగిలినవాళ్ళు లేవక ఛస్తారా!

ఆనాటి నుంచి అదే కట్టుబాటు. ఆ పడవ అడుగుపలకను కోసి చేసిన రేవు పీట కొలువులో అన్నిటికంటే కింది పీట. అయినా రాజుగారు కొలువుకు వచ్చినా, కొత్తగా ఎవరు హోదా పొందాలన్నా ముందు ఆ పీట లేవాలి. అది లేవకుండా పై పీటలన్నీ కట్టగట్టుకుని లేచినా ఆ లేవడం చెల్లదు.

ఈరోజు ఆ లేవడం కోసం నోరు తెరుచుకుని చూస్తున్నవాడు ధూమ్రజటుడు. సత్యకేతు మహారాజుకు శ్వాస కూడా కనిపించని నిద్ర కల్పించినవాడు వాడే. రాజు మరణించాడని ప్రకటించి చితికి నిప్పు పెట్టించే అధికారం అన్నిటికంటే పైదైన తొలి పీటవారిది. ఆ పీట ఖాళీగా ఉంది. సాయంత్రంలోగా మాంత్రికుడు దాన్ని ఎక్కాడంటే, బతికి ఉన్న రాజును అందరి కళ్ళముందూ తగలబెడతాడు. కోట ముంగిట చందనపు చితి పేర్చి కూడా పెట్టారు. దుర్మార్గుడికి తొందర ఎక్కువ.

రాజు నిద్ర విడిపించే ఉపాయం కొండగుహలోని తపస్విని చెప్పింది. పుట్టినప్పుడు ఏ నది నీటితో స్నానం చేయించారో ఆ నది నీరు కళ్ళకు తగిలితే చాలు. ఆ నది కోట గోడ కిందే పారుతోంది. కానీ మాంత్రికుడు రేవులన్నీ మూయించి, నీలవాహిని నీళ్ళు చుక్క కూడా కోటలోకి రాకుండా కాపలా పెట్టాడు. మంజులిక తెచ్చిన కడవలు కావలివాళ్ళు ఎప్పటికప్పుడు పగలగొడుతూనే ఉన్నారు. "నీళ్ళు తెచ్చే దారి నేను వెతుకుతాను. అంతదాకా నువ్వు మాత్రం లేవకు ఏరన్నా," అని ఆమె పొద్దున కబురు పంపింది. ఏరన్న వచ్చింది ఆ ఒక్క పని మీదే.

కొలువు మండపం చూడవలసిందే తప్ప చెప్పనలవి కాదు. స్ఫటిక స్తంభాల మీద చెక్కిన మకర తోరణాల నోళ్ళలోంచి ముత్యాల సరాలు జాలువారుతున్నాయి. పైకప్పునిండా పగడాల తీగలు, ఆ తీగలకు పచ్చల ఆకులు. సింహాసనం చేతుల మీద బంగారు శరభాలు కెంపుల కళ్ళతో సభను మింగేలా చూస్తున్నాయి. సింహాసనం ఎదురుగా పందిరి మంచం మీద, నాలుగు వైపులా తెరలు దించి మహారాజును పడుకోబెట్టారు. హోదా నిర్ణయం రాజు సమక్షంలోనే జరగాలి కదా! ఆ మంచానికి బారెడు దూరంలో మంజులిక నిలబడి ఉంది. ఆమె రెండు చేతులూ చెరో భటుడి పట్టులో ఉన్నాయి. నీళ్ళ కోసం ఆమె చేసిన ఆఖరి ప్రయత్నం కూడా బెడిసికొట్టిందని ఏరన్నకు చూడగానే తెలిసిపోయింది.

అతను గుండె చిక్కబట్టుకుని తన మూలకు పోయి, చెప్పులు విడిచి, రేవు పీట మీద కూలబడ్డాడు.

మిగిలిన పీటల వాళ్ళు అప్పటికే వచ్చి ఉన్నారు. మహామంత్రి మేధానిధి చూపులు నేలలోకి దిగబడిపోయాయి. సేనాపతి భీమకవచుడు నిలువెత్తు మనిషి, మీసాలు కూడా అందుకు తగ్గట్టే ఉంటాయి. ఈరోజు ఆ మీసాలు వాలిపోయి ఉన్నాయి. కోశాధికారి పీట మీద మనిషి లేడు, ఒక పంజరం ఉంది. అందులో పచ్చని చిలక ఉంది. ఆ చిలకే కోశాధికారి. ఎదురు చెప్పినందుకు ఆ శిక్ష. పైగా చిలక కూర్చుందో నిలబడిందో తేల్చగల మొనగాడు ఎవడూ లేడు కాబట్టి, ఆయన లేచినట్టే లెక్క అని మాంత్రికుడి వాదం.

శంఖాలు మోగాయి. వందిమాగధులు బిరుదులు చదవడం మొదలుపెట్టారు. "సకల భూత భయంకర! సప్త పాతాళ విహార! సమస్త మంత్ర సార్వభౌమ!" వాళ్ళు ఒక బిరుదు మింగేశారు కాబోలు, గుమ్మంలోకి వచ్చిన ధూమ్రజటుడు ఆగి, వెనక్కు తిరిగి గుడ్లురిమాడు. వాళ్ళు మళ్ళీ మొదటి నుంచి చదివారు. జడలు కట్టిన వాడి జుట్టులోంచి సన్నగా పొగ లేస్తోంది. మెడలో గుడ్లగూబ పుర్రెల దండ, దాని మీద ఎవరో మహారాజు దగ్గర కాజేసిన నవరత్నాల హారం. రెండూ కలిపి వేసుకున్నాడు. అభిరుచి అలాంటిది.

వాడు మండపం మధ్యలో నిలబడి, నడుముకు చుట్టుకున్న నల్లదారం మీద చెయ్యి వేశాడు. ఆ దారంలో గంగప్ప పిలక అల్లి ఉంది.

"రేవులవారూ," అన్నాడు తియ్యగా, "లేవండి." పెదవుల చాటున మంత్రం జపిస్తూ దారాన్ని పైకి లాగాడు.

సరిగ్గా అప్పుడే ఏటి అవతల పడవలో అసలు గంగప్ప దుప్పటితో సహా లేచి నిటారుగా నిలబడ్డాడు. పడవ ఊగింది. "ఓరి నీ దుంపతెగ! కూర్చోబెట్టరా నన్ను!" అని ముసలాయన పెట్టిన కేకలకు రెల్లు పొదల్లోని కొంగలన్నీ లేచిపోయాయి.

కొలువులో మాత్రం ఏరన్న కదలలేదు. గడ్డం గోక్కున్నాడు.

ధూమ్రజటుడు మళ్ళీ లాగాడు. ఈసారి గట్టిగా లాగాడు. అవతలి ఒడ్డున గంగప్ప బంతిలా గాలిలోకి ఎగిరి మళ్ళీ పడవలో పడ్డాడు. ఇవతల రేవు పీట రేవు పీటలాగే ఉంది. మాంత్రికుడి కళ్ళు చిన్నవయ్యాయి. వాడు రెండంగల్లో మూలకు వచ్చి, తెల్లగడ్డాన్ని గుప్పిట పట్టి ఒక్క గుంజు గుంజాడు. మేకవెంట్రుకలు చేతిలోకి వచ్చాయి. కింద నుంచి నల్లని, కుర్రతనం నిండిన మొహం బయటపడింది.

"దొంగ!" అని అరిచాడు ధూమ్రజటుడు, సంతోషం పట్టలేక. "గంగప్ప రాలేదు! పీట ఖాళీ! ఖాళీ పీట లేవనక్కరలేదు. మహామంత్రీ, మీరు లేవండి!"

మేధానిధి పీట అంచులు పట్టుకుని సగం లేచాడు.

"కాస్త ఆగండి మంత్రిగారూ," అన్నాడు ఏరన్న. "ఆ రేవు పీట ఎవరిదో మీ నోటితో చెప్పండి. వయసున్నవాడిదా, గడ్డమున్నవాడిదా?"

మహామంత్రి మళ్ళీ పీట మీద కూర్చున్నాడు. "తెడ్డు ఎవరి చేతిలో ఉంటే... వారిది."

ఏరన్న ఊతకర్రకు చుట్టిన గుడ్డ లాగేశాడు. నల్లబడి నిగనిగలాడుతున్న తెడ్డు బయటపడింది. దాని పిడి మీద ఆదికేతు మహారాజు వేయించిన వెండి పట్టీ ఉంది. తరతరాల చేతులు రాసుకుని ఆ పట్టీ అరిగిపోయి ఉంది.

"పొద్దున నది ఒడ్డున మా తాత ఇది నా చేతిలో పెట్టాడు. ఇకనుంచి రేవుల అధికారిని నేను. నా పేరు ఏరన్న. నేను లేవను."

మంజులిక మొహంలోకి రంగు వచ్చింది. కోటలో ఇన్నాళ్ళకు ఒక మనిషి గొంతు వినిపించిందనిపించి ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి.

ధూమ్రజటుడు కోపం దిగమింగి, నవ్వు పులుముకున్నాడు. "కుర్రాడివి. నీకు లోకం తెలీదు. ఈ మూలన కూర్చుని ఏం బావుకుంటావు? ఒక్కసారి లేచి నిలబడు. నిన్ను మహామంత్రి పక్కన కూర్చోబెడతాను. సేనాపతి నిన్ను చూసి లేస్తాడు."

"ఆయన నన్ను చూసి లేస్తే నాకేమొస్తుందయ్యా? ఆయనకి నడుం నొప్పి వస్తుంది," అన్నాడు ఏరన్న. "నువ్వు ముందు రాజుగారి ఒంటి మీద నుంచి నీ నిద్ర తియ్యి. తర్వాత మాట్లాడుకుందాం."

"మాటలు కాదు వీడికి!" ధూమ్రజటుడు చెయ్యి విదిలించాడు. గుడ్లగూబ పుర్రెల నోళ్ళలోంచి పాములు జలజల రాలాయి. పడగలు విప్పి బుసలు కొడుతూ పీటను చుట్టుముట్టాయి. ఏరన్న కాళ్ళు పీట మీదికి మడుచుకుని బాసింపట్టు వేసి, తెడ్డు తిప్పడం మొదలుపెట్టాడు. సుడిగుండంలో పడవ నడిపిన చేతులవి. కుడివైపు వచ్చినదాన్ని ఎడమకు, ఎడమవైపు వచ్చినదాన్ని స్తంభాల మీదికి, మీదికి దూకినదాన్ని గాలిలోనే పట్టి వందిమాగధుల గుంపులోకి విసిరాడు. బిరుదులు చదివే పెద్దమనుషులు బిరుదులు గాలికి వదిలేసి తలుపుల వెనక్కు పారిపోయారు.

తర్వాత నిప్పు వచ్చింది. పీట చుట్టూ నీలిమంటలు లేచాయి. ఏళ్ళకేళ్ళు నది నీరు తాగిన చెక్క అది, చుయ్యిమంది గాని అంటుకోలేదు. ఏరన్నకు పంచె అంచులు మాడాయి, అరికాళ్ళు బొబ్బలెక్కాయి. అతను పళ్ళు బిగించాడు గాని పీట వదల్లేదు. "కాలుతోంది, నిజమే," అన్నాడు. "అయినా లేవను."

అప్పుడు పంజరంలోని చిలక నవ్వింది.

ముందు సన్నగా కిసుక్కుమంది. తర్వాత ఆపుకోలేక, కోశాధికారి పూర్వం పెద్ద కానుకలు వచ్చినప్పుడు నవ్వినట్టే, కడుపు పట్టుకున్నంత పనిచేసి నవ్వింది. దాన్ని చూసి ఎవరో భటుడు ఫక్కుమన్నాడు. ఆ నవ్వు సభంతా పాకింది. సమస్త మంత్ర సార్వభౌముణ్ణి, తన కోసం లేవని ఒక పడవవాడి ముందు నిలబెట్టి నవ్వారు.

ధూమ్రజటుడు సహించలేని పని అదొక్కటే. వాడి జడలన్నీ నిక్కబొడుచుకున్నాయి. మంత్రదండంతో నేలను బాది, "ముంచెయ్! ఆ పీటను, ఆ మనిషిని, ఈ నవ్వులను అన్నిటినీ ముంచెయ్!" అని గర్జించాడు.

కోట కింద నుంచి ఉరుము లాంటి చప్పుడు వచ్చింది. మండపం వెనక గోడ బీటలు వారింది. ఆ బీటలోంచి బుసబుసా నురగలు కక్కుతూ ఏరు లోపలికి దూకింది. పట్టు తివాచీలు పైకి తేలాయి. ముత్యాల సరాలు తెగి చెల్లాచెదురయ్యాయి. చూస్తూండగానే నీళ్ళు నడుముల దాకా వచ్చాయి. మంజులికను పట్టుకున్న భటులు కొట్టుకుపోయారు. ఆమె ఒక స్తంభాన్ని వాటేసుకుంది. వెండిపీటలు, దంతపు పీటలు బుడుంగున మునిగాయి. మహామంత్రి, సేనాపతి వేరే దారి లేక లేచి నిలబడ్డారు.

"లేచారు!" మాంత్రికుడు చప్పట్లు కొట్టాడు. "అందరూ లేచారు!"

"చూడు, సరిగ్గా చూడు," అన్న గొంతు పైనుంచి వచ్చింది.

పడవ అడుగుపలక పడవ పనే చేసింది. రేవు పీట నీటి మీద తేలుతోంది. దాని మీద ఏరన్న బాసింపట్టు వేసుకుని, తెడ్డు ఒళ్ళో పెట్టుకుని, అంతకు ముందెలా కూర్చున్నాడో అలాగే కూర్చుని ఉన్నాడు.

సేనాపతి భీమకవచుడు అతని వంక చూశాడు. నడుము దాకా నీళ్ళలో నిలబడ్డ తనను చూసుకున్నాడు. ఆయన మొహం కందగడ్డలా ఎర్రబడింది. "ఛీ! ఇన్ని యుద్ధాలు చేసి నేను నేర్చుకున్నది ఇదా!" అని, కవచంతో సహా నీళ్ళలోనే కూర్చున్నాడు. నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి. మీసాలు మాత్రం పైకి నిలిచి ఉన్నాయి. "నేను లేవలేదు మాంత్రికుడా! వరద నన్ను లేపింది. ఇప్పుడు కూర్చున్నాను. చేతనైతే లేపు!"

మహామంత్రి పెద్దవాడు, పొట్టివాడు. అయినా ముక్కు మూసుకుని ఆయన కూడా కూర్చున్నాడు. తల పూర్తిగా మునిగిపోతే, సేనాపతి ఆయన జుట్టు పట్టి పైకి ఎత్తి పట్టుకున్నాడు. నీటి మీద తేలుతున్న పంజరంలో చిలక కొమ్మ మీద నుంచి దిగి, అడుగున రెక్కలు పరుచుకుని చతికిలబడింది. అది కూర్చోవడమేనని ఎవరైనా ఒప్పుకుంటారు.

ధూమ్రజటుడు ఏదో అనబోయి ఆగిపోయాడు. వాడి చూపు నీటి మీద పడింది. నీలం రంగు నీరు, దాని మీద రెల్లు పువ్వులు తేలుతున్నాయి. వాడి కళ్ళలో భయం మెరిసింది. దాన్ని ఏరన్న చూశాడు. మంజులిక కూడా చూసింది.

"నీలవాహిని!" స్తంభం మీద నుంచి ఆమె అరిచింది. "వాడే తెచ్చాడు! ఏరన్నా, నాన్నగారి కళ్ళు తడుపు!"

పందిరి మంచం అప్పటికే వరదకు లేచి, తెరలతో సహా సింహద్వారం వైపు కొట్టుకుపోతోంది. ద్వారం దాటితే మెట్లు, ఆ మెట్ల మీద నుంచి నీళ్ళు జలపాతంలా నది లోయలోకి దూకుతున్నాయి. మాంత్రికుడు వెనక్కు పొమ్మని ఏటికి ఆజ్ఞాపించాడు. పిలిస్తే వచ్చిన వరద పొమ్మంటే పోతుందా! అప్పుడు వాడు ఒళ్ళు విరుచుకున్నాడు. చర్మం పొలుసులైంది, దవడలు సాగాయి. నవరత్నాల హారం మెడలో ఉండగానే పెద్ద మొసలిగా మారి మంచం వెంట పడ్డాడు.

ఏరన్న తెడ్డు నీటిలో దించాడు. పీట బాణంలా దూసుకుపోయింది. స్తంభాల మధ్య నుంచి, తేలుతున్న దీపపు సెమ్మెల మధ్య నుంచి, మునిగిన సింహాసనం శరభాల మీదుగా ఒరుసుకుంటూ పోయింది. మంచం సింహద్వారం గడపకు తట్టుకుని ఒక్క క్షణం ఆగింది. మొసలి ముందు చేరుకుంది. మహారాజు కాలు పట్టాలని నోరు తెరిచింది గాని, పళ్ళకు తెరలే దొరికాయి. విసురుగా గుంజేసరికి పట్టుతెర మొత్తం ఊడివచ్చి దాని తలకు చుట్టుకుంది. మంచం మీద సత్యకేతు మహారాజు మొహం, మూసిన కళ్ళు తేటగా కనిపించాయి.

ఏరన్నకు కావలసింది అంతే. తెడ్డును అడ్డంగా తిప్పి ఒక్క చిమ్ము చిమ్మాడు. దోసెడు నీలవాహిని నీరు గాలిలో ఎగిరి రాజు కళ్ళ మీద పడింది.

మహారాజు రెప్పలు కదిలాయి. మెల్లగా విచ్చుకున్నాయి. ఆయన మోచేతి మీద ఆనుకుని లేచి, మంచం మీద నిలబడి, చుట్టూ చూశాడు. మునిగిన కొలువు, నీళ్ళలో కూర్చున్న అధికారులు, స్తంభం మీద ఏడుస్తూ నవ్వుతున్న కూతురు, గడప దగ్గర తేలుతున్న పీట మీద ఒక కొత్త రేవుల అధికారి.

రాజుగారు కొలువులోకి వచ్చినట్టే. ఇప్పుడు అందరూ లేవాలి. రేవు పీట లేవకుండా ఇంకెవరూ లేవకూడదు. సేనాపతి, మహామంత్రి, పంజరంలోని చిలక అందరూ ఏరన్న వైపే చూస్తున్నారు. పీట మీద నిలబడితే అది తిరగబడి తీరుతుంది. పీట కింద, తెర చించుకుని బయటపడిన మొసలి, నోరు తెరిచి కాచుకుని ఉంది.

"ఏరన్నా, వద్దు!" అని అరిచింది మంజులిక.

ఏరన్న రాజు మొహంలోకి చూసి నవ్వాడు. తెడ్డు ఊతంగా నొక్కి, కాలిన అరికాళ్ళ మీద నిటారుగా లేచి నిలబడి, చేతులు జోడించాడు.

అతని వెనక కొలువంతా ఒక్కసారి లేచిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడులోనే పీట బోర్లా పడింది. నీళ్ళు ఎర్రగా సుళ్ళు తిరిగాయి. మొసలి తోక ఒకసారి పైకి లేచి, గడప దాటి, జలపాతంతో పాటు కిందికి జారిపోయింది. తెడ్డు కూడా దాని వెంటే పోయింది. ఏరన్న మళ్ళీ పైకి రాలేదు.

వరద తీసింది. బోర్లా పడ్డ రేవు పీట తడిసిన రాళ్ళ మీద మిగిలింది. మంజులిక పరుగెత్తుకొచ్చి దాన్ని తిరగేసి, తన పమిటతో తుడిచి, మూలన దాని చోట పెట్టింది. భటులు సింహాసనం కడిగారు. మహామంత్రి ముందుకు వచ్చి, "ప్రభూ, ఆసీనులు కండి," అన్నాడు.

"పడవలు దింపండి. లోయ అంతా గాలించండి," అన్నాడు సత్యకేతు మహారాజు. "రేవులవారు వచ్చి ఆ పీట మీద కూర్చునేదాకా నేను కూర్చోను."

సేనాపతి తడి కవచంతోనే మెట్ల మీదికి ఉరికాడు. లోయలోంచి నీటి హోరు వస్తోంది. కొలువులో పీటలన్నీ ఖాళీగా ఉన్నాయి. రాజు, ఒక పడవవాడి కోసం, నిలబడే ఉన్నాడు.